సెల్ఫ్ లేకున్నా కదిలిన లారీ సెన్సార్ లేక ఆగింది

2021 చివర్లో అమెరికా లారీలకు ఒక వింత జబ్బు పట్టుకుంది. ఇంజిను బాగుంది, గేరుబాక్సు బాగుంది, ట్యాంకు నిండా డీజిలుంది. అయినా బండి గంటకు 5 మైళ్లకు మించి కదలదు. తప్పంతా యూరియా ద్రావణం ట్యాంకులో ఉండే ఒక చిన్న సెన్సార్‌ది. సైలెన్సర్‌లో విషవాయువులను తగ్గించే ఆ ద్రావణం ఎంత ఉందో, నాణ్యత ఎలా ఉందో ఇంజిను కంప్యూటరుకు చెప్పడమే దాని పని. అది మూగబోతే, డ్రైవరు ద్రావణం పోయకుండా ఎగ్గొడుతున్నాడనే కంప్యూటరు లెక్క. మొదట హెచ్చరిక, తర్వాత బలం కోత, చివరికి నత్తనడక. కొత్త సెన్సార్ వేద్దామంటే ప్రపంచమంతా చిప్‌ల కరువు.

పాతకాలం లారీ మేస్త్రీకి ఈ సంగతి చెబితే నమ్మేవాడు కాదు. ఆయన ఎరిగిన లారీకి అసలు కరెంటుతోనే పెద్దగా పనిలేదు.

మన రోడ్ల మీద ఆ లారీల కథ 1950లలో ఊపందుకుంది. 1954లో టాటాల కంపెనీ టెల్కో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ చేపట్టింది. మద్రాసులోని అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. వీటిలో చాలావాటికి కావలసిన డీజిల్ పంపులు, నాజిళ్లు 1951లో పుట్టిన బెంగళూరు కంపెనీ మైకో నుంచి వచ్చేవి. ఆ పంపులో ఒక్కో సిలిండరుకు ఒక్కో ప్లంజరు. క్యామ్ షాఫ్టు తిరుగుతూ ప్లంజరును నెట్టిన ప్రతిసారీ నాజిలుకు డీజిలు అందుతుంది. ఎంత అందాలో తేల్చేది గవర్నరులో తిరిగే బరువులు, వాటిని పట్టి ఉంచే స్ప్రింగులు. డీజిలు గాలి ఒత్తిడి వేడికే మండుతుంది కాబట్టి స్పార్కు ప్రసక్తే లేదు. బ్యాటరీ కావలసింది సెల్ఫ్ కొట్టడానికి, లైట్లకు, హారనుకు. అంతే.

అందుకే దారిలో బండి ఆగితే చేతికి పని దొరికేది. సెల్ఫ్ తిరగకపోతే స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ రెండు మొనలనూ కలిపేవారు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే బండిని వాలులో వదిలి, గేరులో వేసి, క్లచ్ వదిలేవారు. పంపుకు ఎయిర్ పడితే స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిఖార్సైన డీజిలు వచ్చేదాకా ప్రైమరు కొట్టేవారు. ఏ సిలిండరు మిస్సవుతోందో తెలియాలంటే ఇంజిను నడుస్తుండగానే నాజిలు నట్లు ఒక్కొక్కటిగా వదులు చేసేవారు. ఏది వదిలినప్పుడు మోతలో తేడా రాదో దొంగ అక్కడే ఉన్నట్టు. నాజిలు పైపు పగిలితే ఆ డీజిలును డబ్బాలో పట్టుకుంటూ, మిగిలిన ఐదు సిలిండర్లతో ఊరు చేరిన బండ్లున్నాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల షెడ్లలో కుర్రాళ్లు ఈ విద్యను చూసి, విని, చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నారు. చెడింది కంటికి కనబడేది. లేని సామానుకు బదులు లేతు మీద ఇంకొకటి తిప్పుకునే వీలుండేది.

కంప్యూటరు మెల్లగా వచ్చింది. అమెరికాలో డెట్రాయిట్ డీజిల్ కంపెనీ భారీ లారీ ఇంజిన్లకు ఎలక్ట్రానిక్ కంట్రోలును 1985లో మార్కెట్లోకి తెచ్చింది. డీజిలును ఒకే గొట్టంలో అపారమైన ఒత్తిడితో నిలవచేసి, కరెంటుతో ఇంజెక్టరు తెరిచే కామన్ రైల్‌ను జపాన్‌లో డెన్సో తయారు చేయగా, 1995లో హినో లారీకి బిగించారు. మన దగ్గర భారత్ స్టేజ్ (బీఎస్) కాలుష్య నిబంధనలు ఒక్కో మెట్టూ పైకి వెళ్లేకొద్దీ పాత పంపుకు రోజులు దగ్గరపడ్డాయి. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4 దేశమంతటా వచ్చినప్పుడు అశోక్ లేలాండ్ పెద్ద ఇంజిన్లలో యూరియా జోలికి పోకుండా, పొగలో కొంత తిరిగి ఇంజినులోకే పంపే ఐఈజీఆర్ పద్ధతిని ఎంచుకుంది. మరమ్మతు తేలిక అన్నది దాని ప్రచారంలో ముఖ్యమైన మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రావడంతో పెద్ద లారీలకు యూరియా ట్యాంకూ, దాని సెన్సార్లూ తప్పనిసరి అయ్యాయి.

పాత చిట్కాలు కొన్ని పనికిరాకుండా పోవడమే కాదు, ప్రమాదకరమయ్యాయి. కామన్ రైల్ ఇంజిను నడుస్తుండగా నట్టు వదిలితే వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అయినా చేతికి పూర్తిగా పని పోలేదు. రేడియేటరు ఫ్యాను క్లచ్ పని చేయకపోతే దాన్ని బోల్టులతో బిగించి, ఫ్యాను ఎప్పుడూ తిరిగేలా చేసుకునే ఏర్పాటు కొన్ని లారీల్లో కంపెనీయే పెట్టింది. ఇంజిను తిరుగుడును లెక్కించే క్రాంక్ సెన్సార్ పోతే క్యామ్ సెన్సార్ లెక్కతో బండిని షెడ్డుదాకా ఈడ్చుకెళ్లే ఇంజిన్లున్నాయి. ఈ రెండో ఉపాయం మాత్రం మేస్త్రీది కాదు. తయారీదారు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముది.

2021 కరువులో ఆ తేడా బట్టబయలైంది. సెన్సార్ దొరక్క బండ్లు నిలిచిపోతుంటే ఉపాయం రోడ్డు పక్క నుంచి రాలేదు. కంపెనీలు అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏను అడిగి, సెన్సార్ చెడినా వేగం తగ్గకుండా చూసే తాత్కాలిక సాఫ్ట్‌వేర్‌ను ఇంజిన్లలోకి ఎక్కించాయి. అదే ఏడాది చిప్‌లు దొరక్క జనరల్ మోటార్స్ కొన్ని పికప్ ట్రక్కులను ఇంధనం ఆదా చేసే మాడ్యూలు లేకుండానే అమ్మింది. గాలనుకు మైలు చొప్పున నష్టమని ముందే చెప్పింది. 2022లో ఆంక్షలతో బాష్ లాంటి కంపెనీల సామాను ఆగిపోయిన రష్యాలో ప్రభుత్వం ఇంకా దూరం వెళ్లింది. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు లేకపోయినా, పొగ ప్రమాణాలు పాతవైనా వాహనాలను అమ్ముకోవచ్చని మే నెలలో అనుమతించింది. అక్కడి లారీల సంస్థ కమాజ్ పాత తరం లారీల వైపు మళ్లింది.

అమెరికాలో అనుమతి లేకుండా కాలుష్య నియంత్రణను ఇలా పక్కన పెట్టడం చట్టవిరుద్ధం. ఈపీఏ 2020 నివేదిక ప్రకారం దాదాపు పదేళ్లలో సుమారు 5,50,000 డీజిల్ పికప్‌ల నుంచి కాలుష్య నియంత్రణ సామగ్రిని పీకేశారు. ఆ పొగ పీల్చేది దారిన పోయేవాళ్లే కాబట్టి ఆ కట్టడిని ఉత్త పెత్తనమని కొట్టిపారేయలేం. కానీ సెన్సార్ దొరకని డ్రైవరునూ, కావాలని పీకేసినవాణ్నీ కంప్యూటరు ఒకే గాట కట్టింది. 2025 ఆగస్టులో ఈపీఏ ఆ వేగం కోతను సడలించేలా సాఫ్ట్‌వేర్ మార్చమని కంపెనీలను కోరింది.

ఈలోగా మరమ్మతు విద్య ఇంకో బల్ల మీదికి చేరింది. ఇంజిను కంప్యూటరు (ఈసీఎం) కాలిపోయి కొత్తది దొరకనప్పుడు పాత సామాను దుకాణంలోది తెచ్చి తగిలిస్తే సరిపోదు. ఆ బండి ఇంజెక్టర్ల కోడ్‌లు, తాళం రహస్యం పాత బోర్డులోని మెమరీ చిప్‌లో ఉంటాయి. అందుకే బోర్డు మరమ్మతు తెలిసినవాళ్లు ముందు కాలిన ట్రాన్సిస్టరు ఏదో మీటరుతో వెతుకుతారు. బోర్డు బతికే ఆశ లేకపోతే మెమరీ చిప్‌ను వేడిగాలితో ఊడదీసి, రెండో బోర్డు మీద అతికిస్తారు.