దిల్ ముందా, దమ్ ముందా?

ఫ్రెంచి దొర రేమండ్ పేరు జనం నోట్లో నలిగి మూసా రాం అయితే, ఆ పేరు మీద మిగిలిన మొహల్లా మాది. మూసారాంబాగ్. మొన్న మా ఇంటి మూడో అంతస్తు ఎక్కుతూ అబ్బా సగం మెట్ల దగ్గరే గోడ పట్టుకుని నిలబడిపోయారు. "దిల్ కమ్జోర్ అయిందేమో" అంది అమ్మీ. "కాదమ్మీ, ఫేఫ్డే. సిగరెట్ల పుణ్యం" అన్నాను నేను.

దవాఖానాలో అబ్బా ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టంలోంచి ఒక గ్యాస్ నిండుగా పీల్పించి, పది సెకన్లు దమ్ బిగబట్టమన్నారు. నేనూ ఆయనతో పాటు బిగబట్టాను. దిల్లా, దమ్మా అనే ఈ సవాల్‌నే ఒకప్పుడు మన షహర్ దునియా ముందు పెట్టింది.

1847లో ఎడిన్‌బరో డాక్టర్ సింప్సన్ క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. మూడు నెలలు నిండకముందే, 1848 జనవరిలో, హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి ఆ మందు పీలుస్తూనే చనిపోయింది. ముందు ఆగింది దిల్లా, సాంసా? డాక్టర్ల మధ్య ఝగ్డా దశాబ్దాలు నడిచింది. ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ ఇక్కడ రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూల్ ప్రిన్సిపల్. సాంస్ చూసుకుంటే చాలన్నది ఆయన పట్టు. 1888లో ఒక కమిషన్ వేసి కుక్కల మీద తజుర్బాలు చేశాడు. లండన్ లాన్సెట్ పత్రిక మానలేదు. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌నే 1889లో పిలిపించారు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు కలిపి నాలుగు వందలకు పైగా బేజుబాన్ జానవర్లు. ఫైసలా లారీ వైపే వచ్చింది: ముందు ఆగేది సాంసే, నాడి పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

ఆ రోజుల్లోనే మన మెడికల్ స్కూల్‌లో చదివి క్లోరోఫాం ఇవ్వడంలో చేయి తిరిగిన రూపాబాయి ఫర్దూన్జీని లోకంలో మొదటి మహిళా ఎనస్థటిస్టు అంటారు. అది ఫఖర్‌గా చెప్పుకుంటాం. ఫైసలా మాత్రం సగమే సహీ. మోతాదు మించితే సాంస్ ముందు ఆగే మాట నిజమే. కానీ తక్కువ మోతాదులోనే దిల్ లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు. నాడి వదిలేసిన డాక్టర్ల చేతుల్లో ఎన్ని జానులు పోయాయో!

మరుసటి ఏడాది, 1912లో, డెన్మార్క్‌లో క్రోగ్, లిండ్‌హార్డ్ ఇంకో దారి పట్టారు. ఖూన్‌తో రసాయన బంధం పెట్టుకోని గ్యాస్‌ని కొలబద్ద చేశారు. నైట్రస్ ఆక్సైడ్ ఖూన్‌లో కరుగుతుంది. ఊపిరితిత్తుల్లో అది ఎంత వేగంగా తగ్గితే, దిల్ అంత ఖూన్ తోస్తున్నట్టు. హీలియం దాదాపు కరగదు. లోపలున్న గాలిలో కలిసి ఎంత పల్చబడిందో చూస్తే ఫేఫ్డేలో ఎంత జాగా ఉందో తెలుస్తుంది. అబ్బా పీల్చినదాంట్లో ఆ హీలియం, దాంతోపాటు ఖూన్‌లోకి గ్యాస్ ఎంత దాటుతుందో చూడటానికి రవ్వంత కార్బన్ మోనాక్సైడ్ ఉన్నాయట.

కాగితం చూసి డాక్టర్ సాబ్ అన్నారు: "జాగా బాగానే ఉంది. దాటడమే తక్కువగా ఉంది. ఎకో కూడా తీయిద్దాం."

అమ్మీ నా వైపు చూసింది. "దిల్ అని నేను చెప్పలే?"

"ఇంకా తేలలేదు బేగం" అన్నారు అబ్బా, క్లిప్పు నొక్కిన ముక్కు రుద్దుకుంటూ.