నక్షత్ర తాబేలు: మొక్కుబడి నుంచి చట్టరక్షణ దాకా

శ్రీకాకుళం జిల్లాలోని శ్రీకూర్మం, విష్ణువు కూర్మావతార మూర్తిగా పూజలందుకునే క్షేత్రం. తూర్పు గాంగుల కాలపు శాసనాలు గల ఆ ఆలయ ప్రాంగణంలో, భక్తులు మొక్కుబడిగా సమర్పించిన నక్షత్ర తాబేళ్లను, అంటే నల్లని పెంకు మీద పసుపు చారలు చుక్కల్లా విచ్చుకున్న మెట్ట తాబేళ్లను, పోషిస్తూ వచ్చారు.

అయితే భక్తితో తెచ్చినా ముచ్చటపడి తెచ్చినా ఈ జీవి అవసరాలు మారవు. ఇది పొడినేలల్లో, ముళ్లపొదల నడుమ గడ్డి మేసే శాకాహారి కనుక, దీనికి నేరుగా తగిలే ఎండ, తలదాచుకునే నీడ, తిరిగే నేల, పీచూ సున్నమూ గల పచ్చిమేత కావాలి. తేమలో, చలిలో ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు సోకి ముక్కు కారుతుంది, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంది. ఎండ, సున్నం కొరవడితే పెంకు మెత్తబడుతుంది.

పెంపుడు జంతువుల విపణి కోసం సాగిన అక్రమ రవాణా ఈ జాతిని క్షీణింపజేయగా, 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ దీనిని అత్యున్నత రక్షణ గల మొదటి అనుబంధంలో చేర్చింది. అంతకు ముందు ఏడాది, సింగపూర్‌లో పట్టుబడిన 51 నక్షత్ర తాబేళ్లు విమానంలో బెంగళూరుకు తిరిగి చేరాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీనిని ఇంట్లో పెంచడం నేరం. కాబట్టి బెంగళూరులోని కుందలహళ్ళి వంటి పేటలో ఎవరి చేతికైనా ఈ తాబేలు చిక్కితే, దాన్ని అటవీ శాఖకు అప్పగించడమే దాని ఆరోగ్యానికి చేయగల మొదటి సేవ.