చింతగింజ జిగురు

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు బొమ్మ గీసే ముందు గుడ్డను తయారుచేసుకుంటారు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. అందులో సుద్దమట్టి, గంజి, చెట్టు బంక కలిపి ఖాదీ గుడ్డకు పూతలు పూస్తారు. అదే జిగురును రంపపు పొట్టుతో కలిపి ముద్ద చేస్తే మాస్కులు, బొమ్మలు. తరతరాలుగా వాళ్ల చేతికి తెలిసిన ఈ సరుకు రసాయనశాస్త్రం దాకా వెళ్లడానికి చాలా కాలం పట్టింది.

పండుకు ఆ యోగం ముందే పట్టింది. ఫ్రెంచి రసాయనవేత్త వోక్లాన్ 1790లో చింతపండును విశ్లేషిస్తూ గడ్డకట్టే పదార్థమొకటి గమనించాడు. 1825లో మరో ఫ్రెంచి రసాయనవేత్త బ్రాకోనో దానికి పెక్టిన్ అని పేరు పెట్టాడు. అంజీర్‌లో, జామలో ఉండేదీ అదే. గింజ వంతు 1942లో వచ్చింది. పొట్టు తీసిన గింజపప్పులో 46–48 శాతం జెల్లీ కట్టే పదార్థమేనని టి.పి. ఘోష్, ఎస్. కృష్ణ అనే ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అసలే యుద్ధకాలం, నూలుకు గంజి పెట్టే పిండి కోసం బట్టల మిల్లులు వెతుక్కుంటున్నాయి. చింతగింజల పిండికి అలా గిరాకీ పుట్టింది. దాన్ని శుద్ధిచేసే పద్ధతికి బొంబాయిలో జి.ఆర్. సావూర్ పేటెంటు తీసుకున్నారు.

మొదట్లో గింజలోని ఈ పదార్థాన్నీ పెక్టినే అనుకున్నారు. కాదు. ఇది గ్లూకోజు గొలుసు, దానికి జైలోజు, గాలక్టోజు కొమ్మలు. పండ్ల పెక్టిన్ మామూలుగా జెల్లీ కట్టాలంటే పులుపు కావాలి, దీనికి పంచదార ఉంటే చాలు. పులుపుకు పేరుపడ్డ చెట్టు గింజకు పులుపుతో పనిలేదంటే నాకైతే నవ్వొచ్చింది.

వైద్యానికి పనికొచ్చింది ఆ కొమ్మల అమరికే. కన్నీటి పొరను కంటికి అంటిపెట్టి ఉంచే మ్యూసిన్ పోలిక ఇందులో ఉంది. అందుకే చుక్కగా వేస్తే వెంటనే జారిపోకుండా కంటిని పట్టుకుని ఉంటుంది. కళ్లు పొడిబారే జబ్బున్న 30 మందిలో ఇటలీ వైద్యులు కొందరికి ఈ చుక్కలు, మిగతావారికి వాడుకలో ఉన్న హయలురోనిక్ ఆమ్లం చుక్కలు 90 రోజులు వేసి పోల్చి, 2007లో ఫలితాలు ప్రచురించారు. ఒక శాతం ద్రావణం మంట, నలుసు పడ్డట్టుండే బాధ వంటి కొన్ని ఇబ్బందుల్లో మెరుగనిపించింది. అయితే 30 మందంటే చిన్న లెక్క, అంతమాత్రాన దీన్ని గెలిపించెయ్యలేం. పైగా ఆ చుక్కల్లో ఉన్నది పప్పులోని మాంసకృత్తులు, కొవ్వు తీసేసి, సూక్ష్మజీవులు లేకుండా చేసిన శుద్ధ పదార్థం. ఇంట్లో ఉడికించిన జిగురు కంట్లో వేసుకునేది కాదు.