బళ్లారి లెక్కలో పెనుకొండ సీమ చదువులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేవరకు ఈ సీమ బళ్లారి జిల్లాలో భాగం. కనుక ఇక్కడి పాత చదువుల సంగతి బళ్లారి లెక్కల్లోనే వెదకాలి.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రచించిన పండితుడు ఈయనే. 9,27,857 మంది జనాభాకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బడుల్లో కన్నడం 235, తెలుగు 226, పారశీకం 21. తక్కినవి మరాఠీ, సంస్కృతం, తమిళం, ఇంగ్లీషు.

ఆ చదువుకూ మెట్లున్నాయి. హిందూ బాలునిచేత ఐదో ఏట బియ్యంలో అక్షరం దిద్దించేవారు. పిదప ఇసుకలో వేలితో రాత. చేయి కుదిరాక తాటాకు, కాగితం, కడితం. ముందు నేర్చినవాడు వెనుకటివానికి నేర్పేవాడు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సబబేనని కలెక్టరు మెచ్చుకొన్నాడు. ముస్లిం ఇండ్లలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చదివించడం ఆచారం. (ఇది షరీఅత్ విధించినది కాదు, దేశాచారం మాత్రమే.) ఆపైన ఖాయిదా, ఖుర్ఆన్ పఠనం, తర్వాత పారశీకం. 1800లో సీమ నిజాం చేతినుండి కంపెనీ చేతికి పోయాక ఆ చివరి మెట్టుకు ఆదరణ తగ్గుతూ వచ్చింది.

అసలు గమనించవలసిన అంకె వేరే ఉంది. 6,641 మందిలో ముస్లిములు 243 మందే. బాలికలు మొత్తం 60 మంది, అందరూ హిందువులే. ముస్లిం బాలిక ఒక్కతె కూడా లేదు. ఇంట్లో ఖుర్ఆన్ నేర్చిన ఆడపిల్ల బడి లెక్కకు రాదన్నది నిజమే. అయినా ఆ సున్నాకు అదొక్కటే జవాబు కాజాలదు.

చదువు క్షీణించడానికి క్యాంప్‌బెల్ చెప్పిన కారణం పేదరికం. ఐరోపా బట్ట వచ్చి ఇక్కడి నేతగాండ్రను దెబ్బతీసింది. పిల్లవాడు పనికి అక్కరకు రాగానే తల్లిదండ్రులు బడి మాన్పించారు. మగ్గాల ఊరైన ధర్మవరంలో ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు.

2020 జాతీయ విద్యావిధానం మూడో ఏటనుండి పదునెనిమిదో ఏటిదాకా చదువును 5, 3, 3, 4 ఏండ్ల నాలుగు దశలుగా విభజించింది. కాని 2009 విద్యాహక్కు చట్టం ఉచిత నిర్బంధ విద్యకు హామీ ఇచ్చింది ఆరునుండి పదునాలుగేండ్ల వారికే. బిస్మిల్లా చదివే వయసూ, ఆడపిల్లకు సంబంధాలు చూడటం మొదలయ్యే వయసూ ఆ హామీకి వెలుపలే ఉన్నాయి.