జీతపు పుస్తకాల్లో మచిలీపట్నం: డచ్చి కంపెనీ వేతన విధానం – ఒక పరిశీలన

మచిలీపట్నంలోని వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం పేర్లు ఈ రేవుకు వచ్చిన ఐరోపా వర్తకులను నేటికీ గుర్తుచేస్తున్నాయి. వీరిలో వలందులు, అంటే డచ్చివారు, 17వ శతాబ్ది తొలి దశకంలోనే ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ వస్త్ర వ్యాపారంపై పరిశోధన విస్తృతంగా జరిగింది. అయితే వేర్వేరు రాజ్యాల్లో, వేర్వేరు నాణేలు చెల్లే రేవుల్లో ఉన్న సిబ్బందికి ఆ కంపెనీ జీతాలు ఎలా చెల్లించిందన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది.

ఐరోపాలో ఓడ ఎక్కిన ప్రతి ఉద్యోగి పేర జీతపు పుస్తకంలో ఒక ఖాతా ఉండేది. అందులో ఒకవైపు అతనికి రావలసిన జీతం, మరొకవైపు ముందుగా తీసుకున్న సొమ్ము, అప్పులు, ఇతర మినహాయింపులు నమోదయ్యేవి. లెక్క గిల్డర్లలో సాగేది. ఉద్యోగి ఆసియాలో ఏ స్థావరానికి మారినా ఆ ఖాతా కొనసాగేది. వివరాలు తిరుగు ఓడల్లో నెదర్లాండ్స్‌కు చేరేవి. స్వదేశంలోని భార్యాబిడ్డలు ఏడాదికి మూడు నెలల జీతం వరకు అక్కడే తీసుకునేందుకు ‘నెలపత్రం’ అనే ఏర్పాటు ఉండేది. ఉద్యోగి చేతికి ఆసియాలో జీతంలో కొంత భాగం, భోజన భత్యం మాత్రమే అందేవి. మిగిలిన సొమ్ము స్వదేశానికి తిరిగి వెళ్లాకే దక్కేది. అతడు మరణిస్తే లెక్క ఆనాటితో ముగించి, నిలువ సొమ్మును వారసులకు చెల్లించేవారు.

ఈ విధానం కంపెనీకి రెండు విధాల ఉపకరించింది. ఆసియాలో నాణెపు అవసరం తగ్గింది. నిలిపి ఉంచిన జీతం ఉద్యోగిని కంపెనీకి కట్టిపడేసింది. కాని ఖాతాలోని గిల్డరు మచిలీపట్నం బజారులో చెల్లదు, అక్కడ చెల్లేది వరహా. సామాన్య సైనికుని జీతం నెలకు సుమారు 9 గిల్డర్లే. నిషేధాలున్నా ఉద్యోగుల సొంత వ్యాపారం ఆగకపోవడానికి ఈ వ్యత్యాసం ఒక ప్రధాన కారణం. ఇక్కడి స్థావరంలో పనిచేసిన డానియెల్ హావర్ట్ 1693లో ప్రచురించిన కోరమాండల్ చరిత్ర, ఆ ఉద్యోగుల జీవితానికి ముఖ్యమైన ఆధారం.

ఈ పుస్తకాలకు ఒక పరిమితి ఉంది. కంపెనీ లాభానికి మూలమైన నేతగాళ్లు, చిరివేరుతో ఎరుపు వేసిన అద్దకపువారు వాటిలో కనిపించరు. వారికి చేరింది జీతం కాదు, స్థానిక వర్తకుల ద్వారా అందిన బయానా. సరుకు తిరస్కరణకు గురైతే నష్టం వారిదే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వితంతువుకు నిలువ సొమ్ము చెల్లించిన వ్యవస్థ, కృష్ణా డెల్టాలోని నేతగాని వితంతువుకు ఏ ఖాతానూ తెరవలేదు. కనుక జీతపు పుస్తకాలను కంపెనీ శ్రామికులందరి చరిత్రగా కాక, కంపెనీ ఎవరిని తన ఉద్యోగులుగా లెక్కించిందో తెలిపే ఆధారంగా చదవడం సముచితం.