మా వైపు రాక్ ఫెస్టివల్‌కి చరిత్ర ఏది?

వాకెన్ అనే ఊరి పేరు మెటల్ పిచ్చి ఉన్నవాళ్ళు వినే ఉంటారు. ఉత్తర జర్మనీలో ఒక పల్లెటూరు, జనాభా రెండు వేలకి అటూ ఇటూ. 1990 ఆగస్టు 24, 25 తేదీల్లో ఆ ఊరి బయట, కంకర తవ్వి వదిలేసిన గుంటలో, అక్కడి కుర్రాళ్ళు కొందరు రెండు రోజుల రాక్ పండగ పెట్టారు. ఆరు బ్యాండ్లు, అన్నీ జర్మనీవే. వచ్చిన జనం ఎనిమిది వందలు. పండగ పెట్టినవాళ్ళలో ఒకడైన థామస్ యెన్సెన్ తన సొంత బ్యాండు స్కైలైన్‌తో తనే స్టేజీ ఎక్కాడు. ఇప్పుడు ఆ ఊరికి ఏటా డెబ్భై, ఎనభై వేల మంది వెళ్తున్నారు.

నన్ను కుళ్ళుకునేలా చేసేది ఆ అంకె కాదు. ఆ మొదటి ఆరు బ్యాండ్ల పేర్లు ఇవాళ ఎవరైనా నిమిషంలో వెతికి చెప్పగలరు. ఏ రోజు వాయించారో, ఎక్కడ వాయించారో, ఎంతమంది విన్నారో అంతా రాసి ఉంది. 2006లో ఆ ఊరి మనుషుల మీద 'ఫుల్ మెటల్ విలేజ్' అని డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ముప్పై ఆరేళ్ళ కిందట పుట్టిన పండగకి అంత రికార్డు.

మరి మా సంగతి? నంద్యాల అనగానే బయటివాళ్ళకి సోనామసూరి బియ్యం, కాస్త వయసున్నవాళ్ళకి 1991లో పి.వి. నరసింహారావు గారు గెలిచిన ఉపఎన్నిక గుర్తొస్తాయి. ఆళ్ళగడ్డ అంటే అడగనే అక్కర్లేదు, సుమోలు గాల్లోకి లేచే సినిమాలు. (ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎన్ని గుళ్ళలో ఉన్నాయో ఆ సినిమాలు తీసేవాళ్ళకి ఎవరైనా చెప్తే బాగుండు.) ఈ రెండు ఊళ్ళ మధ్యా, చుట్టూ, ప్రతి చలికాలం నలభై రోజుల పైచిలుకు ఓపెన్ ఎయిర్ మ్యూజిక్ పండగ ఊరూరా తిరుగుతుందని చెప్తే మా టీములో ఎవరూ నమ్మలేదు. టికెట్టు లేదు, స్పాన్సరు లేడు, వెబ్‌సైటు అసలే లేదు.

నేను చెప్తున్నది అహోబిలం పారువేట గురించి. కనుమ రోజున ఎగువ అహోబిలం జ్వాలా నరసింహస్వామి, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీలో బయల్దేరుతారు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన అల్లుడు కాబట్టి తన పెళ్ళికి (అంటే ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకి) ఊరూరా తిరిగి తనే పిలుచుకుంటాడని కథ. చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేసి సాగనంపుతారు. అక్కణ్ణుంచి ముప్పైకి పైగా ఊళ్ళు. పల్లకీ ఆగిన ఊళ్ళో ఆ పూట తిరునాళ్ళ. శనగ, జొన్న చేతికొచ్చే కాలం, కె.సి. కాలువ కింద వరి అప్పటికే ఇంటికి చేరి ఉంటుంది, జేబులో నాలుగు రూపాయలు ఆడే రోజులు. దేవుడు కూడా పంట క్యాలెండరు చూసుకునే బయల్దేరతాడనిపిస్తుంది.

దేవుడి సంగతి దేవస్థానం వాళ్ళు, పరిశోధకులు రాస్తూనే ఉన్నారు. నా గోల పల్లకీ ముందు వాయించేవాళ్ళ గురించి.

రెండేళ్ళ కిందట ఒక వీకెండు ఆళ్ళగడ్డ దగ్గర మా చుట్టాల ఊళ్ళో ఉన్నాను. శనివారం రాత్రి మూడు జట్లు, ఆదివారం పొద్దున రెండు. స్టేజీ లేదు, రామాలయం ముందు ఖాళీ స్థలం, కరెంటు స్తంభం నుంచి లాగిన ట్యూబులైట్లు. మొదటిది చెక్కభజన జట్టు. ఇరవై మందికి తక్కువ లేరు, అందరి కాళ్ళకీ గజ్జెలు, చేతుల్లో బిళ్ళలు బిగించిన చెక్కలు. పక్కన హార్మోనియం, డోలక్కు. గురువు మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంటాడు, జట్టు అందుకుంటుంది, గుండ్రంగా తిరుగుతూ అడుగు మారుస్తుంది. పాట మొదలైనప్పుడు నింపాదిగా ఉంటుంది. పది నిమిషాలకి వేగం రెట్టింపు. ఇరవై జతల చెక్కలు ఒకే దెబ్బ మీద పడుతుంటే ఆ మోత గుండెలో తగులుతుంది. నేను బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పెద్ద పెద్ద బ్యాండ్లు విన్నవాణ్ణే. ఏమాటకామాటే, ఆ రాత్రి అంత మోతా ఒక్క మైకు మీద నడిచింది.

ఆ జట్టులో ఒకాయన ఆటో డ్రైవరు, ఇద్దరు తాపీపని, ఒకబ్బాయి నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాడు. గురువుగారికి డెబ్భై దాటాయి. మధ్యలో టీ తాగుతూ నన్ను పట్టుకున్నాడు.

"ఏమప్పా, మీ బెంగుళూరులో ఇట్లాంటివి ఉండాయా?"

"ఉండాయి తాతా. టికెట్టు రెండు వేలు."

"రెండు వేలా! మరి అన్నం పెడతారా?"

"పెట్టరు తాతా, కొనుక్కోవాల్సిందే."

"అన్నం పెట్టకపోతే అదేం తిర్నాల నాయనా.."

నా దగ్గర జవాబు లేదు. వాకెన్‌లో కూడా పెట్టరనే అనుకుంటున్నా.

సరే, చరిత్రకి వద్దాం. ఇలాంటి చోట మా చుట్టాల్లో చదువుకున్నవాళ్ళంతా ఒకే మాట అంటారు: "ఇదేం భజన, అన్నీ సినిమా వరసలే, కీబోర్డు కూడా తెచ్చారు, మా కాలంలో ఎంత స్వచ్ఛంగా ఉండేది" అని. నేను దీనికి ఒప్పుకోను. స్వచ్ఛంగా ఉన్న కాలం ఏదో చూపించమనండి.

హార్మోనియం సంగతే తీసుకోండి. అది లేకుండా భజన ఊహించలేం కదా? అది 1840ల్లో పారిస్‌లో పేటెంటు అయిన పెట్టె. నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొడుతూ వాయించేలా దాన్ని మార్చింది కలకత్తా వాళ్ళు, 19వ శతాబ్దం చివర్లో. 1880ల్లో ధార్వాడ నాటక కంపెనీ తెలుగు ఊళ్ళు తిరిగింది. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధ ఆడి సురభి నాటక సమాజం మొదలైంది. నాటకాలతో పాటే పెట్టె పల్లెలకి పాకింది. పద్యనాటకానికి వాయించే హార్మోనిస్టే శనివారం రామాలయంలో భజనకీ కూర్చునేవాడని మా తాత చెప్పేవాడు. అప్పటి పెద్దలు దాన్ని 'మన వాయిద్యం' అన్నారా? అబ్బే. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. వద్దన్నవాళ్ళలో టాగూరు కూడా ఉన్నాడు. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. అంటే రేడియోకి పనికిరాని పెట్టె అదే ముప్పై ఏళ్ళూ మా రామాలయాల్లో దేవుడికి బ్రహ్మాండంగా పనికొచ్చింది!

వయొలిన్ కథా అంతే, క్లారినెట్ కథా అంతే. కంటోన్మెంటులో తెల్లవాళ్ళ బ్యాండు వాయించిన క్లారినెట్టే ఇవాళ మన పెళ్ళి ఊరేగింపు బ్యాండుమేళంలో ముందు నడిచేది. అంతెందుకు, పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని 1978లో గుడివాడలో కచేరీ చేసినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్ళు. తర్వాత ఆ వాయిద్యాన్ని కర్ణాటక సంగీతంలో కాదన్నవాడు లేడు. పండరి భజన పేరే చెప్తోంది కదా, అది మహారాష్ట్రలోని పండరిపురం నుంచి వచ్చిన పేరని. కొత్తది రావడం, యాభై ఏళ్ళకి 'మన సంప్రదాయం' అయిపోవడం, ఆ తర్వాత వచ్చినదాన్ని తిట్టడం. ఇదే లూపు తిరుగుతోంది. కాబట్టి కీబోర్డు మీద నాకు కోపం లేదు. 2050లో ఎవరో ఒకాయన "మా కాలంలో స్వచ్ఛమైన క్యాసియో కీబోర్డుతో చేసేవాళ్ళం" అంటాడు, చూస్తూ ఉండండి.

నా బాధ వేరే. వచ్చినవి కాదు, పోయినవి. పోయినవాటి లెక్క ఎవరి దగ్గరా లేకపోవడం.

అన్నమయ్య (1408-1503) అహోబిలంలో శఠకోపముని దగ్గర చదువుకున్నాడని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెప్తుంది. అంటే మేం మాట్లాడుకుంటున్న ఈ దారుల్లోనే తిరిగిన మనిషి. ఆయన పాటలు తిరుమలలో రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి పన్నెండు వేలకు పైగా మనకి దక్కాయి. ప్రపంచంలో ఇంత గట్టి బ్యాకప్ ఇంకెవరికి దొరికింది? కానీ రేకుల మీద రాగం పేరుంది, పాట ఉంది, స్వరం లేదు. అన్నమయ్య ఆ పాటని ఎలా పాడాడో ఎవరికీ తెలియదు. మనం వినేవన్నీ 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారూ, ఆ తర్వాతి వాళ్ళూ కట్టిన వరసలు. గొప్ప వరసలే, సందేహం లేదు. కానీ సోర్సు కోడు మిగిలి, దాన్ని నడిపిన మెషీను పోయినట్టు అయింది పని.

రాజాస్థానం, దేవస్థానం రెండూ వెనకుండి కాపాడిన కవికే ఇలా అయితే ఇక ఊరి భజన జట్టుకి దిక్కెవరు?

దానికన్నా కింద ఇంకో మెట్టు ఉంది. కృష్ణదేవరాయలు 1515 ప్రాంతంలో కళింగ దండయాత్ర రోజుల్లో అహోబిలం వచ్చి స్వామికి నగలిచ్చిన సంగతి శాసనంలో ఉంది. హారం, పతకం, బంగారు పళ్ళెం, అన్నీ లెక్క. ఆ రోజు ముందు నడిచి డప్పు కొట్టినవాడి పేరు లేదు. మా ఊళ్ళలో దేవుడు కదలాలన్నా, పీర్ల పండక్కి గుండం చుట్టూ అడుగు పడాలన్నా, పెళ్ళయినా చావైనా డప్పు ఉండాల్సిందే. అది కొట్టింది మాదిగలు. ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచినవాడు చాలా ఊళ్ళలో భజన జరిగే రామాలయం గడప మాత్రం ఎక్కేవాడు కాదు, ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. 'స్వచ్ఛంగా ఉన్న కాలం' గురించి మాట్లాడేవాళ్ళు ఇది కూడా కలుపుకుని మాట్లాడితే బాగుంటుంది. బనగానపల్లె దగ్గర పశువులు కాచిన పోతులూరి వీరబ్రహ్మం, ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య పేర్ల మీద పాడే తత్వాలు ఈ గడపలు కొంత దాటాయి, నిజమే. రాత్రంతా భజనలో సిద్దయ్య పేరు పలికి, పొద్దున్నే గ్లాసు విడిగా పెట్టిన ఊళ్ళూ ఉన్నాయి.

ఆడవాళ్ళ విషయంలో మాత్రం మార్పు నా కళ్ళ ముందే జరిగింది. నా చిన్నప్పుడు మా వైపు భజన జట్టులో ఆడవాళ్ళని చూసిన గుర్తు లేదు. మొన్న ఆదివారం పొద్దున వచ్చిన రెండు జట్లూ ఆడవాళ్ళ కోలాటం జట్లే. ఒకే రంగు చీరలు, ఒక జట్టుకి గురువు కూడా ఆవిడే. ఈ మార్పు ఏ ఊళ్ళో ఏ సంవత్సరం మొదలైందో ఇప్పుడైతే అడిగి తెలుసుకోవచ్చు, మొదటివాళ్ళు ఇంకా ఆడుతున్నారు కాబట్టి. ఇంకో ఇరవై ఏళ్ళకి ఇది కూడా 'అనాదిగా వస్తున్న' ఖాతాలో పడిపోతుంది.

రాసినవాళ్ళు అసలు లేరని కాదు. సినిమాల్లో మనం చూసిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారు 1992లో 'తెలుగువారి జానపద కళారూపాలు' అని పెద్ద పుస్తకం తెచ్చారు. చెక్కభజన, పండరి భజన, కోలాటం అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క మనిషి అంత పని చేశాడంటే దండం పెట్టాలి. కానీ అది కళారూపాల పుస్తకం, జట్ల పుస్తకం కాదు. రాక్ చరిత్ర అంటే గిటారు ఎలా ఉంటుందో చెప్పడం కాదు కదా, ఫలానా ఏడాది ఫలానా ఊళ్ళో ఫలానావాళ్ళు వాయించారని చెప్పడం. మాకు లేనిది అదీ.

క్యాసెట్ల కాలంలో ఒక అవకాశం వచ్చింది. మా చిన్నమామ టేప్‌రికార్డరు ఎత్తుకెళ్ళి 1990ల్లో రెండు, మూడు తిరునాళ్ళల్లో రాత్రంతా రికార్డు చేశాడు. చనిపోయిన పాత గురువు గొంతు అందులో ఉండేదట. 'సమరసింహారెడ్డి' వచ్చాక మా బావ ఆ క్యాసెట్ల మీదే ఆ పాటలు ఎక్కించేశాడు. ఖాళీ క్యాసెట్టు కొనడానికి డబ్బుల్లేక! ఇలాంటి క్యాసెట్లు మా వైపు ఎన్ని ఇళ్ళలో ఎన్ని పోయాయో.

ఇప్పుడు అందరి చేతిలో ఫోనుంది, రికార్డింగు సమస్యే లేదు. ఇప్పటి సమస్య డీజే బాక్సులు. సినిమా వరస, కీబోర్డు దగ్గర పేచీ లేదన్న నేను దీని దగ్గర పేచీ పెడతాను. కీబోర్డు వచ్చినప్పుడు దాన్ని వాయించడానికి ఒక మనిషి వచ్చాడు, జట్టులో ఒకడు పెరిగాడు. బాక్సులొస్తే ఇరవై మంది తగ్గుతారు. చెక్కభజన నేర్చుకోవాలంటే పంటలయ్యాక ఒక గురువుని ఊరికి పిలిపించి, అన్నం పెట్టి, నెలల తరబడి రాత్రిళ్ళు ఆయన వెనక అడుగు వెయ్యాలి. బాక్సులు ట్రాక్టరు ట్రాలీలో సాయంత్రం వచ్చి, తెల్లారి వెళ్ళిపోతాయి. ఊరికి సుఖం. ఆ శనివారం పల్లకీ ఆగిన పక్కూళ్ళో జట్టు లేదు, బాక్సులే. ఐదేళ్ళ కిందటి దాకా వాళ్ళకీ జట్టు ఉండేదట.

ఆదివారం మధ్యాహ్నం గురువుగారింటికి వెళ్ళి ఆయన నోటు పుస్తకం చూశాను. నీలం అట్ట, చెమటకి పేజీలు అంటుకుపోయాయి. ప్రతి పాట పైనా ఎర్ర సిరాతో 'వరస' అని రాసి ఒక పాత సినిమా పాట పేరు. అంతే. రాగిరేకు మీద రాగం పేరున్నట్టే! ఆ సినిమాలు సగం నాకే తెలియదు, ఆ అబ్బాయికి ఇంకేం తెలుస్తాయి. నేను పేజీలన్నీ ఫోటోలు తీసుకున్నాను, మూడు పాటలు పాడించి రికార్డు చేశాను, ఆయనకి నేర్పిన గురువు పేరు, ఊరు, ఆయనకి గుర్తున్న సంవత్సరాలు రాసుకున్నాను. ఆయన గురువుకి నేర్పింది ఎవరని అడిగితే, "ఎవరో కోయిలకుంట్ల తట్టు నుంచి వచ్చేటోడంట" అన్నాడు. అక్కడితో ఆగింది.

అడుగులకి మాత్రం ఆ పుస్తకంలో ఏ గుర్తూ లేదు. ఎందుకు రాయలేదని అడిగితే, "అడుగు రాసేదేంది నాయనా" అని నవ్వాడు. కుర్రాళ్ళు అడిగితే లేచి చూపిస్తాడు, మోకాళ్ళు నొప్పి లేని రోజున.