ఖేడ్ తాలూకా – హిందూ నామము

1956వ సంవత్సరపు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టములోని మూడవ విభాగము చదువుటకు మిక్కిలి నీరసముగా నుండును. మెదకు, నిజామాబాదు, కరీంనగరము మొదలగు జిల్లాలను గుత్తగా పేర్కొనిన పిదప తాలూకాలను, సర్కిళ్లను లెక్కించుచు, బీదరు జిల్లానుండి నిర్ణా సర్కిలు మినహాగా జహీరాబాదు తాలూకాను, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలును, నారాయణఖేడ్ తాలూకాను విడదీసి ఆంధ్రప్రదేశమున చేర్చినట్లు అందు వ్రాయబడియున్నది. ఆ యేడు నవంబరు 1న ఆ వాక్యము అమలులోనికి వచ్చెను. అంతవరకు బీదరు కచేరీ చుట్టు తిరిగిన ఖేడ్ రైతులు నాటినుండి సంగారెడ్డి త్రోవ పట్టిరి. మంజీర నది బీదరు దెసనుండి వచ్చి, ఆగ్నేయముగా సంగారెడ్డి చెంతకు పోయి, మరల ఉత్తరమునకు మళ్లి నిజాంసాగరమును చేరును. ఆ పెద్ద వంపు లోపల, తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును ఒకే సంతలో వినబడు నేలమీద ఈ తాలూకా కలదు. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా యేర్పడినప్పుడు ఇది రెవెన్యూ డివిజను కేంద్రమైనది.

హిందువన నెవరు, మతమునకు రాజ్యమునకు నడుమ హద్దెక్కడ అను వాదములు నేడు శాసనసభలలోను, టీవీ చర్చలలోను, ఎన్నికల వేదికలమీదను ఎడతెగక జరుగుచున్నవి. ఆ వాదములందు ఉభయపక్షములవారును హిందూ నామమును అనాదిసిద్ధమైన ఏకవస్తువుగా తలచియే మాటలాడుదురు. ఖేడ్ వంటి సరిహద్దు తాలూకా పూర్వోత్తరములను తరచి చూచినచో, ఆ నామము రాజకీయార్థముతో ప్రజాజీవితమున ప్రవేశించిన కాలమును, అందులకు గల కారణములను ఇంచుమించు దశాబ్దముతో సహా చెప్పవచ్చును.

అంతకు పూర్వము ఈ ప్రాంతమున మతము లేకపోలేదు. ఒకటి కావలసినచోట పది యుండెను. పండ్రెండవ శతాబ్దమున బిజ్జలుని కొలువులో మంత్రియైన బసవేశ్వరుడు కల్యాణ పట్టణమున ఆరంభించిన శరణ మార్గము ఈ సీమ కంతటికిని పెద్ద ఆస్తి. ఆ మహనీయుని కథను మొట్టమొదట మహాకావ్యముగా వ్రాసినవాడు మన పాల్కురికి సోమనాథుడే. భీమకవి 1369లో దానిని కన్నడించెను. ఇష్టలింగమును మెడలో ధరించి, చనిపోయినవారిని దహింపక సమాధి చేయు లింగాయతులు ఖేడ్, జహీరాబాదు గ్రామములలో నేటికిని బలమైన సమాజము. వారిప్రక్కన పండరి యాత్ర చేయు మరాఠీ భక్తులు, ఎల్లమ్మ పోచమ్మలకు బోనమెత్తు తెలుగు రైతులు, సేవాలాలు మహారాజును తుల్జాభవానిని కొలుచు తండాల లంబాడీలు కలరు. వీరినందరిని ఒక్క పేరుతో పిలువవలసిన యవసరము జనాభా లెక్కల గుమాస్తాకు వచ్చినంతగా ఊరివారికి రాలేదు.

బీదరు కోటకు కొలది దూరమున అష్టూరునందు బహమనీ సుల్తానుల సమాధులు కలవు. అందు గుల్బర్గానుండి రాజధానిని బీదరునకు మార్చిన అహమద్‌షా వలీ సమాధి మిగుల ప్రసిద్ధము. గుమ్మటము లోపలి కప్పు పారశీక లిపులతోను, రంగురంగుల లతలతోను నిండియుండును. ఈ సుల్తాను 1436లో మరణించెను. కాని ఆతని ఉర్సు తేదీని నిర్ణయించునది హిజరీ పంచాంగము కాదు, హోళీ పున్నమ తరువాతి తిథి. గుల్బర్గా జిల్లాలోని మాడ్యాలు గ్రామమునుండి ఒక లింగాయత జంగమయ్య భక్తబృందముతో కాలినడకను వచ్చి, శంఖము పూరించి, టెంకాయ కొట్టి, సమాధిపై పూలుంచినగాని ఆ ఉత్సవము సాగదు. ముస్లిములకు ఆయన వలీ. లింగాయతులలో పెక్కురకు ఆయన అల్లమప్రభువు. ఇంకొంచెము పడమట, హుమ్నాబాదు చెంత, పందొమ్మిదవ శతాబ్దమున మాణిక్‌ప్రభు స్థాపించిన పీఠము సకలమతములును ఒకే పరతత్త్వమునకు దారులని బోధించి, ముస్లిములను సైతము శిష్యులుగా గ్రహించెను. మన పల్లెలలో పీర్ల పండుగనాడు దట్టీలు కట్టి, మాలీద పంచి, అలావా చుట్టు ఆడినవారిలో హిందువులే హెచ్చు.

ఈ దృశ్యములను చూపి మతసామరస్యమని మురిసిపోవుట చరిత్రకారునికి తగదని నా యభిప్రాయము. ఉర్సులో జంగమయ్యకు దొరికిన గౌరవము కచేరీలో రైతునకు దొరకలేదు. పీరు నెత్తిన చేతులే దొర గడిలో వెట్టి చేసినవి. పూజలో పాలు పంచుకొనుట వేరు, అధికారమున పాలు పంచుకొనుట వేరు. ఇరువదవ శతాబ్దమున వచ్చిన చిక్కంతయు ఈ రెండవదానినుండియే పుట్టినది.

నిజాము ప్రభుత్వమున మతవ్యవహారములకు ప్రత్యేకశాఖ యుండెను. క్రొత్త గుడి కట్టవలెనన్నను, పాత గుడి బాగుచేయవలెనన్నను దాని యనుమతి కావలెను. 1929లో వెలువడిన గస్తీ నిషాన్ 53, ప్రభుత్వానుజ్ఞ లేనిదే సభలు జరుపరాదని కట్టడి చేసెను. ప్రైవేటు బడి పెట్టుటకు సైతము అనుజ్ఞయే. ఇట్టి స్థితిలో 1924 ప్రాంతమున సిద్దీఖు హుసేనను నాతడు తాను చన్నబసవేశ్వరుని అవతారమని ప్రకటించి, దీన్‌దార్ అంజుమన్ స్థాపించి, లింగాయతులను ఇస్లామునకు పిలువసాగెను. 1927లో పుట్టిన మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ బహదూర్ యార్ జంగు నాయకత్వమున ముస్లిములు పాలకజాతియను భావమును ప్రచారము చేసెను. దీనికి ప్రతిక్రియగా బీదరు జిల్లాలో లేచినది ఆర్యసమాజము. భాల్కికి చెందిన సోదరులు బన్సీలాలు, శ్యామలాలు అను న్యాయవాదులు ఊరూర హవనకుండములు, వ్యాయామశాలలు వెలయించి శుద్ధి కార్యక్రమమును నడపిరి. 1938లో కల్యాణిలో ఆర్యసమాజ కార్యకర్త ధర్మప్రకాశు హత్యకు గురియయ్యెను. ఆ యేడు డిసెంబరులో శ్యామలాలు బీదరు చెరసాలలో మరణించెను.

ఇక్కడ ఒక విచిత్రమును గమనింపవలెను. ఈ సీమలో హిందూ పతాకమును మొదట నెత్తినది విగ్రహారాధనను ఒప్పుకొనని సమాజము. పోచమ్మకు కోడి కోయుటను, పీర్లకు మ్రొక్కుటను, పండరి విఠోబాను మూర్తిగా కొలుచుటను ఆర్యసమాజపు ప్రమాణగ్రంథమైన సత్యార్థప్రకాశమును పాటించువారు మెచ్చరు. అయినను, గుడికి గంట కట్టుకొను హక్కు, ఊరేగింపు తీయు హక్కు, బడి పెట్టు హక్కు వంటి లౌకికమైన కోరికలను వారు ధైర్యముగా పలికినందున, వారి తత్త్వము నంగీకరింపని గ్రామీణులు కూడ వారి వెంట నడచిరి. హిందూ నామము ఇక్కడ ఒక సిద్ధాంతముగా రాలేదు, ఒక దరఖాస్తుగా వచ్చినది.

1938 అక్టోబరులో స్టేట్ కాంగ్రెసు, ఆర్యసమాజము, హిందూ మహాసభ మూడును ఇంచుమించు ఒకేసారి సత్యాగ్రహమునకు దిగెను. రాజకీయ హక్కుల పోరాటము మతపోరాటముగా కనబడుచున్నదని గాంధీజీ హెచ్చరింపగా, కాంగ్రెసు డిసెంబరులోనే విరమించుకొనెను. ఆర్యసమాజమువారు మాత్రము సోలాపూరు స్థావరముగా 1939 ఆగస్టువరకు వేలాది సత్యాగ్రహులను రాజ్యములోనికి పంపి, కొన్ని రాయితీలు సంపాదించిరి. కాగితముమీద రెండు ఉద్యమములును విడిపోయినవి. బీదరు వీథులలో విడిపోలేదు.

తూర్పున పొరుగుననేయున్న జోగిపేటలో ఇంతకు పూర్వమే, 1930లో, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్రమహాసభ జరిగియుండెను. అక్కడి కోరికలు తెలుగు బడులు, గ్రంథాలయములు, స్త్రీవిద్య, వెట్టి నిర్మూలనము. అదే నిజాము, అదే గస్తీ. అయినను తెలుగు జిల్లాల పోరాటము భాషనుండి భూమికి మరలి నల్లగొండ, వరంగల్లులలో రైతాంగ సాయుధ పోరాటమైనది, బీదరు, ఉస్మానాబాదు, నాందేడు సీమలలో మతపు రంగు నెక్కించుకొనెను. దీనికి కారణము తెలుగువారి ఔదార్యమని పొంగవలసినది లేదు. నల్లగొండ రైతును వెట్టికి పిలిచిన దేశముఖు పెక్కుచోట్ల హిందువే. హిందూ నామము వానిని ఎదిరించుటకు పనికిరాదు. పడమటి జిల్లాలకు బ్రిటిషు సరిహద్దు దగ్గర. సోలాపూరునుండి పత్రికలు, ఉపన్యాసకులు, శిబిరములు సులభముగా లభించెను. శత్రువెవడైన వానినిబట్టి జెండా రంగు కుదిరినది. ఖేడ్ ఈ రెండు ప్రవాహముల మధ్యనుండెను: మాట తెలుగు, కచేరీ బీదరు.

1948 నాటి సంగతులు క్లుప్తముగా చెప్పుట కష్టము. లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు పడమటి జిల్లాలలో చేసిన దౌర్జన్యములలో, మే నెలలో బీదరు జిల్లా గోర్టా గ్రామమున జరిగిన మారణకాండ మిగుల ఘోరము. సెప్టెంబరు 13న భారత సైన్యము సోలాపూరునుండి నల్దుర్గు, హుమ్నాబాదు, జహీరాబాదు మార్గమున ప్రవేశించెను. 17న నిజాము లొంగెను. ఆ వెనువెంట అదే జిల్లాలలో ప్రతీకారము చెలరేగినది. నెహ్రూగారు పంపిన పండిత సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫారు, మౌలానా అబ్దుల్లా మిస్రీల సంఘము ఆ నవంబరు, డిసెంబరులలో తిరిగి, రాజ్యమంతట 27 వేలనుండి 40 వేలవరకు ప్రాణములు పోయియుండునని, ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలకే అత్యధిక నష్టమని తేల్చెను. ఆ నివేదిక చిరకాలము మూతబడియుండి, 2013 నాటికి గాని పూర్తిగా లోకమునకు తెలియరాలేదు. అందొక ముక్కను నేను మరువలేను: కొన్నిచోట్ల హిందూ సాలెవారు ముస్లిము సాలెవారికి అడ్డునిలిచి, తమ ప్రాణములు కూడ పోగొట్టుకొనిరట. ఒకే వృత్తి చేయువారి నడుమ ఈ మైత్రి విశేషముగా కనబడినదని ఆ సంఘమే వ్రాసినది.

ఇట్టి గతమును 1956 నాటి గీత మూడుగా చీల్చెను. గీత కావల బీదరు కన్నడ రాష్ట్రమునకు, నాందేడు చివరికి మహారాష్ట్రమునకు పోయినవి; గతమును తలచుకొను పద్ధతి ఒక్కొక్కచోట ఒక్కొక్కటైనది. సెప్టెంబరు 17ను మరాఠ్వాడాలో ముక్తిసంగ్రామ దినమందురు. బీదరులో విమోచన దినమని జరుపుచుండిన దానిని 2019లో కల్యాణ కర్ణాటక ఉత్సవమని పేరు మార్చిరి. తెలంగాణమున పెక్కేండ్లు అధికారికముగా ఏమియు లేదు; 2022లో కేంద్రప్రభుత్వము సికిందరాబాదు పరేడు మైదానమున హైదరాబాదు విమోచన దినమును, రాష్ట్రప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమును అదే రోజున పోటీగా జరిపెను; 2023 డిసెంబరులో వచ్చిన కాంగ్రెసు ప్రభుత్వము 2024లో దానిని ప్రజాపాలన దినోత్సవమనెను. 2023 మార్చిలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా గోర్టాలో అమరవీరుల స్మారకమును ఆవిష్కరించెను. గోర్టా మృతులకు స్మారకము తగినదే, ఆలస్యమైనది కూడ. సుందరలాలు నివేదికలోని మృతులకు ఏ రాష్ట్రమునను రాయి లేదు. ఆ సాలెవారికి అసలే లేదు. ఏ పక్షమునకు ఏ శవము కావలెనో ఏరుకొనుట రాజకీయమైనది.

మనుష్యుల లెక్కలోను ఈ గీత తన పని చేసినది. ఖేడ్ తండాలోని లంబాడీ ఇచ్చట షెడ్యూల్డు తెగవాడు, బీదరులో అతని మేనమామ షెడ్యూల్డు కులమువాడు, దెగ్లూరులో అతని బావ విముక్త జాతివాడు. లింగాయతుల సంగతి ఇంకను చిత్రము. తాము హిందువులము కామని, ప్రత్యేకమతముగా గుర్తింపవలెనని కోరుచు 2017 జులైలో వేలాది లింగాయతులు సభ తీర్చినది బీదరులోనే. 2018 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము ఆ కోరికను కేంద్రమునకు సిఫారసు చేసెను, కేంద్ర మంగీకరింపలేదు. ఒకే మఠమునకు మ్రొక్కు కుటుంబములు ఖేడ్‌లోను కలవు. కాని ఆ వాదము ఇచ్చట ఎన్నికల సమస్య కాలేదు. 2024లో జహీరాబాదు లోకసభ స్థానమునకు భారతీయ జనతా పార్టీ పక్షమున నిలిచిన బీబీ పాటిలును, ఆయనను ఓడించిన కాంగ్రెసు అభ్యర్థి సురేశ్ షేట్కారును ఇద్దరును ఆ సమాజమువారే. హిందూ ఐక్యతయను నినాదము ఒకరికి, బసవేశ్వరుని పేరు ఇద్దరికిని అందుబాటులో నుండెను.

ఈ తాలూకాకు తనదైన చరిత్రగ్రంథము కావలెను. దానికి సామగ్రి హైదరాబాదు దఫ్తరములలో కంటె ఖేడ్ ఇండ్లలోని పెట్టెలలో హెచ్చుగా నుండవచ్చును: తాతలనాటి ఉర్దూ ఫైసలాలు, మోడీ లిపి కాగితములు, ఆర్యసమాజపు రసీదులు, ఉర్సునకు పీర్లకు ఇచ్చిన ఇనాము పత్రములు. ఉర్దూ చదువగల ముసలివారు తరుగుచున్నారు. మోడీ చదువువారు ఇంచుమించు లేరు. అట్టి కాగితము ఇంట నున్నవారు దానిని చిత్తుకాగితములకు వేయక, హిందువుదైనను ముస్లిముదైనను, కళాశాలలోని చరిత్రాధ్యాపకునకు ఒకమారు చూపవలెనని నా మనవి.